ఏసుమణి అత్త క్షమించిందెవరిని?

మా మేనత్త ఏసుమణికి తగ్గి మాట్లాడటం చేతకాదు. గుళ్లో ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరు గారి గొంతు కూడా వినపడేది కాదు. విడవలూరు అవతల, సముద్రం పక్కన ఉప్పు పండించే కొఠార్లలో గంపలు మోసేది. మామ పోయాక కూడా ఎవరి ముందూ చేయి చాచలేదు. ఆ పొగరంటే నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే.

పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో, కట్ట మీద నిలబెట్టిన లారీకి ఉప్పు ఎత్తుతుంటే అది ఉన్నట్టుండి వెనక్కి దొర్లింది. అత్త కుడికాలు చక్రం కింద పడింది. నెల్లూరు ఆస్పత్రిలో మోకాలి కిందికి తీసేశారు.

కొఠారు కాంట్రాక్టరు ఆస్పత్రి ఖర్చు పెట్టుకొని, "లారీ నాది కాదు" అని చేతులు దులుపుకున్నాడు. లారీ కోవూరు చెంచురామయ్య గారిది. బళ్లో పంతులమ్మను కదా, మర్యాదగా చెప్తే వింటాడనుకొని ఆయన ఇంటికి నేనే వెళ్లాను.

"ఆమె నా కూలి కాదమ్మా. ఎవరి కింద పని చేసిందో వాళ్లనడగండి" అని వక్క నోట్లో వేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నెల్లూరు వకీలు మాలకొండయ్య గారు సంగతి తేల్చి చెప్పారు. "పని ఇచ్చినవాడొకడు, కాలు పోగొట్టినవాడింకొకడు. ఆమె తన కూలి కాకపోయినా సరే, లారీని సరిగ్గా ఉంచుకోకపోతే ఆ నష్టం లారీ గలాయనే ఇచ్చుకోవాలి."

దావా వేశాం. గెలిస్తే అత్త బస్సాగే చోట బడ్డీ కొట్టు పెట్టుకుంటుంది. ఓడితే అన్నదమ్ముల ఇళ్లలో వంతుల మీద తినాలి. అంతకంటే రెండో కాలు కూడా పోవడమే నయమనేది అత్త.

ఇంతలో ఆమె ఒక పని చేసింది. మా సంఘంలో ఒక పట్టింపు ఉంది. మనసులో ఎవరి మీదైనా కోపం పెట్టుకొని ప్రభుబల్లలో రొట్టె ముట్టకూడదు. లారీ డ్రైవరు జ్ఞానప్రకాశం మా సంఘం వాడే. ప్రభుబల్ల ఉన్న ఒక ఆదివారం అతను అందరి ముందూ లేచి, ఏడుస్తూ, "క్షమించక్కా" అన్నాడు. అత్త చంకకర్ర ఊతంగా లేచి, "క్షమించినాను అబ్బయ్యా. ఆ సంగతి ఇంతటితో సరి" అంది. గుడంతా విన్నది. అత్త గొంతు కదా!

ఆ మాట కోవూరు దాకా పోయింది. క్షమించాక ఇంక నష్టం అడిగేదేముంది అంటారని మాలకొండయ్య గారు తల పట్టుకున్నారు.

"అట్లా అనలేదని చెప్పమ్మా, చాలు."

"గుళ్లో అన్న మాటను కోర్టులో మింగేదా? నా వల్ల గాదయ్యా" అంది అత్త. ఇంక ఆమెను కదిలించడం ఎవరి తరం?

అనుకున్నట్టే అవతలి వకీలు మొదట అదే అడిగాడు. "ఇంతటితో సరి అన్నావా, లేదా?"

"అన్నాను."

"అయితే క్షమించినట్టే గదా?"

"జ్ఞానప్రకాశాన్ని క్షమించినాను. అడిగినాడు గాబట్టి. లారీ గలాయన నన్ను అడగనే లేదే!"

కోర్టంతా నవ్వింది. కానీ నవ్వులతో దావా గెలవలేం. తర్వాత బోనెక్కింది జ్ఞానప్రకాశం. చెంచురామయ్య గారి తరఫు సాక్షి. పక్కకు జరగమని చెప్పినా ఏసుమణి వినలేదని అతను చెప్పాలి. జీతం ఇచ్చేది ఆయన మరి.

అతను అత్త వైపు చూశాడు. "బ్రేకు పట్టడం లేదని అయ్యగారికి ముందే చెప్పినాను సార్. ఉప్పు సీజను దాటనీరా అన్నారు. చక్రానికి రాయి అడ్డం పెట్టినాను, అది జారింది. అక్క తప్పేం లేదు." జడ్జి గారి వైపు తిరిగాడు. "అక్క క్షమించినాక అబద్ధమాడేదానికి నోరు రావడం లేదు."

నేను అక్కడే ఏడ్చాను. సిగ్గేముంది?

దావా గెలిచాం. అత్త బడ్డీ పెట్టింది. జ్ఞానప్రకాశానికి ఆ ఉద్యోగం పోయింది గానీ, కొన్నాళ్లకు బస్సు డ్రైవరుగా కుదిరాడు.

మరుసటేడు ఒక మధ్యాహ్నం చెంచురామయ్య గారు బడ్డీ దగ్గర ఆగి టీ అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. సగం తాగి, "ఇంకా కోపమేనా తల్లీ? నన్నూ క్షమించరాదా?" అన్నాడు.

"బస్సు రానీయండి" అంది అత్త.

"బస్సెందుకు?"

"జ్ఞానప్రకాశం నలుగురి ముందర అడిగినాడు. మీరూ అట్నే అడగాల."

ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. గ్లాసు చేత్తో పట్టుకొని ఎండలో నిలబడ్డాడు. బస్సొచ్చింది. నడుపుతున్నది జ్ఞానప్రకాశమే. జనం దిగారు. చెంచురామయ్య గారు భుజం మీది కండువా తీసి చేత పట్టుకొని, అందరికీ వినపడేటట్టు అడిగాడు.

"క్షమించినాను. కూర్చోండి" అంది అత్త, ఆయన చేతిలో గ్లాసు తీసుకుంటూ. "టీ చల్లారిపోయింది. ఇంకోటి పోస్తా."