మూత తడవని రోజు

మా షిగెనో వదిన వేడిగా ఏదీ తినేది కాదు. సూపు పూర్తిగా చల్లారి పొగ చచ్చేదాకా ఆగి అప్పుడు తాగేది. సోయా సాస్ కార్ఖానాలో ఆమెతో పీపాలు కడిగే ఆడవాళ్ళు "నీది పిల్లి నాలుకే షిగెనో" అని ఆటపట్టించేవారు. ఆమె కూడా నవ్వేది. అది నాలుక సంగతి కాదని నాకు తెలుసు. నేను ఆమె ఆడపడుచుని.

మా అన్న సాకుజీ మినెయుకి మారు అనే చమురు ఓడలో పంపుల మేస్త్రి. యుద్ధానికి ముందు ఆ ఓడ అమెరికా వెళ్ళి చమురు తెచ్చేది. అదే అమెరికాతో యుద్ధం రాగానే సర్కారు దాన్ని తీసుకుని, ముందో ఫిరంగి బిగించి, బోర్నియోకీ సుమత్రాకీ తిప్పింది. అన్న సెలవు మీద వస్తే ఆ బట్టల కంపుకి అమ్మ ముక్కు మూసుకునేది.

"దేశానికంతా నూనె మోస్తావు, మనింటి దీపంలోకి ఓ చుక్క తేలేవుట్రా?"

"నా చొక్కా పిండుకోవే అమ్మా, వారం రోజులు వెలుగుతుంది."

ఆఖరిసారి వెళ్ళేటప్పుడు మాత్రం నాతో ఒక మాటన్నాడు. "ఓడ నిండుగా ఉంటే భయం తోయో. ఖాళీగా ఉంటే లోపల గ్యాసు, ఇంకా భయం." ఈ మాట వదినకి చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. మాటలు దాచడం నాకు అప్పుడే అలవాటైనట్టుంది.

దూరాన ఉన్న మనిషికి ఇంట్లో రోజూ భోజనం పెట్టడం మా ఆచారం. అతని చోటులో అతని గిన్నె, అతను అన్నం తినే పుల్లలు, గిన్నె మీద మూత. కాసేపటికి మూత తీస్తే లోపల నీటి చుక్కలుండాలి. ఉంటే మనిషి క్షేమం. అన్నం వేడిగా ఉంటే ఏ మూతకైనా చుక్కలు పడతాయి కదా అని చిన్నప్పుడు అడిగి అమ్మ చేత చెంపదెబ్బ తిన్నాను. పెట్టేది వదిన, మూత తీసేది అమ్మ. చుక్కలు చూశాకే ఆ ఇంట్లో ఎవరైనా పుల్లలు పట్టుకునేవాళ్ళు.

1944 నవంబరు పద్నాలుగు. మర్నాడు అన్న కూతురు నోబుకోకి ఏడో ఏటి పండగ, గుడికి తీసుకెళ్ళాలి. ఇంట్లో బొగ్గులు గుప్పెడు మిగిలాయి. పిల్లకి ఎర్ర బీన్స్ అన్నం వండాలని వదిన వాటిని దాచి, ఆ పూట అన్న గిన్నెలో ముందురోజు ఉడికించిన చిలగడదుంప పెట్టింది. అమ్మ మూత తీసింది. పొడిగా ఉంది.

"కూతురి పండక్కి బొగ్గులున్నాయి, మొగుడికి చద్దా?"

"రేపు వేడిగా పెడతానత్తయ్యా. ఈ ఒక్క పూటే."

"సముద్రం నీకోసం ఒక్క పూట ఆగుతుందిటే?"

జనవరిలో మా తమ్ముడు ఎయిజోని కూడా సైన్యంలోకి తీసుకుపోయారు. గిన్నెలు రెండయ్యాయి. వసంతకాలంలో కాగితం వచ్చింది. మినెయుకి మారు దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. సాకుజీ మరణించిన తేదీ, నవంబరు పద్నాలుగు.

అమ్మ ఏడవలేదు. కాగితం మడిచి వదిన వంక చూసి "నువ్వే" అంది. అంతే. ఆ మాటని మళ్ళీ ఎన్నడూ అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది. ఆ రోజు నుంచే వదిన తన అన్నం చల్లార్చుకోవడం మొదలుపెట్టింది.

యుద్ధం ముగిసిన మరుసటేడు చలికాలం ముందు కనేమోతో అనే ఆయన వచ్చాడు. అన్నతో పనిచేసినవాడు. రెండు చేతులూ కాలి చర్మం బిగుసుకుపోయి ఉన్నాయి. వదిన ఎదుట పడే ధైర్యం లేక, అప్పటికి పెళ్ళై పక్క వీధిలో ఉంటున్న నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"నవంబరు మూడు పండక్కి తలో గుక్క సాకే సారా పోశారమ్మా. మీ అన్న తన వాటా నాకిచ్చాడు. ఐదున తెల్లవారుతుంటే టార్పెడో తగిలింది. సముద్రమే మండింది. ఇద్దరం ఒకే చెక్క పట్టుకున్నాం. మధ్యాహ్నం కాకముందే ఆయన చెయ్యి వదిలేశాడు."

"ఐదునా? కాగితంలో పద్నాలుగని ఉందే?"

"బతికినవాళ్ళని ఇంకో ఓడ ఎక్కించుకుని ఒడ్డున దింపింది పద్నాలుగున. పేర్లు ఆ రోజే రాసుకున్నారు. రానివాళ్ళందరికీ ఆ తేదీయే వేసుంటారు."

అంటే అన్న పోయాక కూడా తొమ్మిది రోజులు ఆ మూతకి చుక్కలు పట్టాయి.

ఆ క్షణమే వదిన దగ్గరికి పరుగెత్తాల్సింది. వెళ్ళలేదు. ఎయిజో సైబీరియాలో రష్యావాళ్ళ చేతిలో ఖైదీ అని విన్నాం తప్ప బతికున్నాడో లేదో తెలీదు. అమ్మ వాడి మూత చూసుకుని ప్రాణం నిలబెట్టుకుంటోంది. చచ్చినవాడి గిన్నెకీ చుక్కలు పడతాయని ఆమెకి తెలిస్తే? అమ్మ కోసం వదినని వదిలేశాను. ఎయిజో 1948లో తిరిగొచ్చాడు. మరి అప్పుడెందుకు చెప్పలేదంటే, సిగ్గు. అంతకాలం దాచిన మాట ఏ ముఖం పెట్టుకుని తీయను? అమ్మ పోయాక కూడా నోరు పెగల్లేదు. కళ్ళెదుట ఒక మనిషి పూటపూటా శిక్ష అనుభవిస్తుంటే పక్కన కూచుని వేడి సూపు తాగిన దాన్ని నేను.

అన్నకి పదమూడో ఏటి కర్మ చేయించిన రోజు, చుట్టాలు వెళ్ళిపోయాక, ఇద్దరం గిన్నెలు కడుగుతుంటే మొత్తం చెప్పేశాను.

"నీ తప్పేం లేదు వదినా. నువ్వు చద్ది పెట్టేనాటికి అన్న పోయి తొమ్మిది రోజులు."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె తడి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది.

"ఎనిమిదిన దుంప కాడల కూర పెట్టాను, ఆయనకిష్టమని. పదిన నోబుకోకి పన్ను ఊడిందని చెప్పాను. రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్నే తోయో. 'ఏమండీ, చల్లారిపోతోంది, తినండి' అనేదాన్ని. అప్పుడక్కడ ఎవరూ లేరంటావా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"పద్నాలుగున నావల్లే పోయాడనుకుంటే, ఆ తొమ్మిది రోజులూ బతికున్నట్టేగా. నా వంట తిన్నట్టేగా. పద్నాలుగే ఉండనీ. నోబుకోకి కూడా చెప్పకు."

"వదినా..."

"పద్నాలుగే" అని, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని గిన్నెలు తుడవసాగింది.