కత్తెరక్క గళ్ల చొక్కా

పాతికేళ్లు కటింగ్ బల్ల దగ్గరే గడిపింది కాబట్టి ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న చెల్లెలే ఇప్పుడు ఆ టైలరింగ్ కొట్టు నడుపుతోంది. ఒకరోజు ఉన్నట్టుండి తల తిరిగి కత్తెరక్క బల్ల పక్కనే కూలబడింది. నెల తిరిగేసరికి నడక కుదురుకుంది, చేతి వణుకు పోయింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

ఎక్కడ గడిచింది! పనిలోకొచ్చిన వారంలోనే మూడు గళ్ల చొక్కాలు పాడయ్యాయి. మూడింటికీ రెండు చేతులూ ఎడమవే. గళ్లు కలవాలంటే గుడ్డను మడవకుండా ఒక్క పొర మీదే కోయాలి. ఒక చెయ్యి గీశాక నమూనా అట్టను బోర్లించి రెండోది గీయాలి, లేకపోతే రెండూ ఒకే వైపువి అవుతాయి. అడిగితే కత్తెరక్క ఇదంతా గడగడా చెబుతుంది. బల్ల ముందు నిలబడితే మాత్రం మొదటి చెయ్యి దగ్గరే మనసు ఆగిపోతుంది. కుట్టేవాళ్లు "ధ్యాస లేదు" అని గొణిగారు. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలు ఆమెను మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"చిన్నమెదడులో, ఇదిగో ఇక్కడ, తల వెనకాల రక్తం అందక పడిన మచ్చ ఉంది," అంది డాక్టరమ్మ స్కాన్ చూపిస్తూ. "ఇది నడకా చేతిపట్టూ మాత్రమే చూస్తుందనుకుంటారు. నుదుటి వెనకున్న మెదడుతోనూ దీనికి రాకపోకలున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ మార్చాలి, ఇవన్నీ ఆ రెండూ కలిసి చూసుకుంటాయి. మీకు ఆ దారి దెబ్బతింది."

"బాగవుతుందా అమ్మా?" అడిగింది కత్తెరక్క.

"కొంత. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను."

మూడు నెలలుగా కత్తెరక్క మూలన కూర్చుని బొత్తాలు కుడుతోంది. చెల్లెలు కొత్త కటింగ్ మాస్టర్ని మాట్లాడిందని తెలిసి ఆ రోజు లేచి వచ్చింది.

"ఒక్క గళ్ల చొక్కా నా అంతట నేను కోస్తా. తప్పితే సోమవారం వాణ్ని పెట్టుకో."

వీపు, ముందు భాగాలు, కాలరు చక్కగా వచ్చాయి. మొదటి చెయ్యీ వచ్చింది. అట్ట మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఇక్కడేదో చెయ్యాలి. ఏమిటది? తన తలలోనే తనను పెట్టి ఎవరో గడియ వేసినట్టుంది. ఎదురుగా ఉన్న చెల్లెలు ఇక ఉండబట్టలేకపోయింది.

"బోర్లించక్కా."

అంతే, చెయ్యి కదిలింది. రెండో చెయ్యి నిమిషంలో తెగి పడింది, గళ్లు సరిగ్గా కలిశాయి.

"చూశావా, వచ్చేసింది!" అంది చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పావు కాబట్టి వచ్చింది."

"రోజూ చెప్తాను. పక్కనే ఉంటాను."

"నీకు పని నేర్పేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఎన్నాళ్లున్నానే?"

"రెండు నెలలు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండా నేనే కోశాను," అంది చెల్లెలు.

కత్తెరక్క కత్తెరను బల్ల మీద పెట్టింది. "సోమవారం అతన్ని రమ్మను."

అన్నాక అక్కడి నుంచి కదలలేదు. బల్ల అంచు పట్టుకుని చెల్లెలి ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలే?"

ఈసారి చెల్లెలికీ తెలియలేదు.