నెత్తిమీద వాలిన పరజ పిట్ట

నా చిన్నప్పుడు కొల్లేట్లో బాతుల్ని పట్టడానికి మా చిన్న మావయ్యకు తుపాకీ అక్కర్లేదు, ఒక పాత కుండ చాలు. ఇప్పుడు నేను దుబాయ్‌లో వంటపని చేసే విల్లా ముందు కూడా ఒక పెద్ద చెరువుంది. కావాలని తవ్వి కట్టింది. చుట్టూ మేడలు, నడకదారి, దీపాలు. చలికాలం అందులోనూ బాతులు వాలతాయి, వాటి జోలికి ఎవరూ వెళ్లరు. వాటిని చూస్తే నాకు మావయ్యే గుర్తొస్తాడు.

అప్పట్లో అమ్మ కడుపుతో ఉంది. నోటికి ఏదీ సయించక చిక్కిపోయింది. ఒకరోజు పరజ పిట్ట కూరైతే తింటానేమో అంది. పరజ అంటే ఊరబాతు కన్నా చిన్నదైన అడవి బాతు. అక్క నోరు తెరిచి అడిగిందే చాలని మావయ్య వెంటనే వెళ్లి నీళ్లమీద ఖాళీ కుండలు వదిలొచ్చాడు. మొదట పిట్టలు బెదిరాయి. కొన్నాళ్లకు అలవాటుపడి వాటి మధ్యే ఈదసాగాయి.

అప్పుడు మావయ్య, కళ్లకు కంతలు పెట్టిన కుండను తలమీద బోర్లించుకుని మెడలోతు నీళ్లలో మెల్లగా నడిచాడు. దగ్గరికెళ్లి నీళ్ల అడుగునుంచి కాళ్లు పట్టి లాగేస్తాడు, పక్క పిట్టకైనా తెలియదు. నేను తుంగలో దాచిన దోనెలో ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఇంతలో ఒక పరజ ఎగిరొచ్చి సరిగ్గా ఆయన నెత్తిమీది కుండపైనే వాలింది! రెక్కలు దులుపుకుని, ముక్కు వీపులో దూర్చి కునుకు తీసింది. మావయ్య అలాగే నిలబడిపోయాడు. అది లేచి ఎగిరిపోయాక ఉత్త చేతులతో వెనక్కొచ్చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మకు ఏం పెడతామని పోట్లాడాను.

"నన్ను నమ్మి నెత్తినెక్కి కూకున్నాక అది పిట్ట కాదే అమ్మడూ, మన సుట్టం. ఇయ్యాల్టికి ఏట లేదు" అన్నాడు.

ఇంట్లో అమ్మమ్మ ఊరుకుంటుందా? "ఆ సుట్టాన్ని బోయనానికైనా పిలుచుకు రాపోయావా ఎదవా!" అని తిట్టిపోసింది. మావయ్య మళ్లీ వెళ్లి కొరమీను తెచ్చి పులుసు పెట్టించాడు. అమ్మ ఆ గొడవంతా విని నవ్వుతూ, చాలా రోజులకు కడుపునిండా తింది. మావయ్య మీద నాకు ప్రాణం ఆ రోజునుంచే.

కరోనా తర్వాత వీసాల ఏజెంటొకడు నా చుట్టూ తిరిగాడు. పని ఎలాంటిదో చెప్పొద్దట, నేను ఫోన్లో రమ్మంటే చాలట, మా ఊరి ఆడవాళ్లు వచ్చేస్తారట. నన్ను కుండను చేస్తున్నాడని అర్థమై పొమ్మన్నాను. వాడు ఊరుకోక మా చెల్లెలి కూతురికే ఆశపెట్టాడు. అది నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నువ్వు ఊఁ అంటే చాలు, ఇంకేం అడగను, ఇమానం ఎక్కేత్తాను" అంది.



"ఊఁ అనను. ఆ ఇల్లు, నిన్ను పనిలో పెట్టుకునే ఆ కఫీల్, నీకిచ్చే గది నేనెళ్లి నా కళ్లతో సూసేదాకా నీ పాస్‌పోర్టు ఎవడి సేతిలోనూ పెట్టకు. ఖలాస్" అన్నాను.

పిల్ల అలిగి ఫోన్ పెట్టేసింది. అలగనీ, నన్ను నమ్మిన పిల్ల.