ముందు సీటు బరువు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు రేవులోకి వెళ్లి, మోటారు వేసి మా బోటులో బరువు కోసం వేసిన రెండు సంచులకీ నీళ్లు పట్టడం పదకొండేళ్లుగా నా పని. ఇంటికీ రేవుకీ మధ్య ఇరవై అడుగులే. అయినా సంచి నిండేసరికి పాలు పొంగిపోయేవి. ఇప్పుడు నలభై రోజులుగా పొంగడం లేదు. పొయ్యి దగ్గరే నిలబడి ఉంటున్నాను. సంచుల సంగతి మా మరిది చూసుకుంటున్నాడు.

మా ఆయనకి ఒక్కటే అలవాటు ఉండేది. మనిషి కనపడితే మొహం కంటే ముందు బరువు చూసేవారు. చూసి ఊరుకుంటే బాగుండేది. పైకి చెప్పేవారు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ మనిషిని మా బోటులో ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా చెప్పేవారు.

మాది స్కీ బోటు. కాళ్లకి చెక్కలు కట్టుకున్న మనిషిని తాడుతో లాక్కుపోవడానికి చేసింది. తేలికది, అద్దం మీద నడిచినట్టు పోతుంది, వెనకాల అలన్నది పెద్దగా లేవదు. కొన్నాళ్లకి వచ్చేవాళ్లకి ఆ అలే కావలసి వచ్చింది. తాడు వదిలేసి, బోటు వెనక లేచే అల మీద పలక వేసుకుని నిలబడాలట. అల లేవాలంటే బోటు నీళ్లలోకి దిగాలి, దిగాలంటే బరువు వెయ్యాలి. బోటు తేలడానికి పాట్లు పడేవాళ్లని చూశాం గానీ ముంచడానికి పడేవాణ్ణి చూడలేదని రేవంతా నవ్వింది. ఈయన లెక్కచెయ్యలేదు. ఇసక మూటలు వేశారు, సిమెంటు దిమ్మలు వేశారు, ఒకరోజు నేను కుట్టుకుందామని కూర్చోబోతే మిషనుకి ఇనప కాళ్లు లేవు. ఏడాదిపాటు నేల మీద చతికిలబడి జాకెట్లు కుట్టాను. ఆ తరవాత నీళ్ల సంచులు వచ్చాయి కాబట్టి మా మంచం మిగిలింది.

ఒకసారి పక్కింటివాళ్ల పెళ్లికి వెళ్లాం. జంటని చూసి అందరూ ఈడూ జోడూ బాగుందని అంటుంటే, ఈయన నా చెవిలో చెప్తున్నాననుకుని గట్టిగా, పిల్లాడు అరవై నాలుగు, పిల్ల డెబ్బై ఒకటి, పిల్లని వెనక ఎడమ మూలకి వేస్తే అల బ్రహ్మాండంగా వస్తుంది అన్నారు. పెళ్లికూతురి తల్లి మా ముందు వరసలోనే ఉంది. ఆ పూట భోజనం ఇంటికొచ్చి చేశాం.

డాక్టరు దగ్గర ఇంకో గొడవ. బరువు చూసే మిషను ఎక్కి దిగి, ఇది రెండు కిలోలు మింగేస్తోందండీ అన్నారు. డాక్టరు నవ్వాడు. మర్నాడు ఈయన ఐదు కిలోల పంచదార పొట్లం పట్టుకెళ్లి దాని మీద పెట్టారు. మూడు చూపించింది. అప్పట్నుంచి ఆ డాక్టరు ఈయన కనిపిస్తే చాలు, పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడేవాడు.

ఇక నా సంగతి. నేను చిన్నప్పట్నుంచీ లావే. నలుగురున్న చోట గోడకి ఆనుకుని నిలబడేదాన్ని గానీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోడానికి భయం. అందరూ ఆటోలో సర్దుకున్నాక చివర నన్ను ఎక్కించి, వాళ్లు మొహమొహాలు చూసుకునేవాళ్లు. ఇంట్లోనే ఉంటే ఏ బాధా ఉండదని ఉండిపోయేదాన్ని. అలాంటిదాన్ని ఒకరోజు ఈయన రేవులోకి రమ్మని, ఊరివాళ్లందరి ముందూ చెప్పారు.

"ఎనభై రెండు. ముందు సీటు. మా ఆవిడ ఎక్కకపోతే అల రాదు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఎక్కాను. పదకొండేళ్లు ఎక్కాను. ఆయన పక్కనే నీడపట్టున సీటు, ఇంజను పొగ రాదు. వెనక్కి తిరిగి కూర్చుని, అల మీద ఉన్నవాళ్లు పడితే చెప్పడం నా పని. పడ్డాడండీ అనేదాన్ని. ఎన్ని కిలోలు అనేవారు.

ఆఖరి వారం ఆస్పత్రి మంచం మీద తనని తను చూసుకుని, నలభై తొమ్మిది, నేనింక సంచికి కూడా పనికిరాను అన్నారు. నేను తినడం మానేశానని కనిపెట్టారు. "నువ్వు మాత్రం తగ్గకు. బోటు పాడవుతుంది" అన్నారు.

ఆయన పోయాక మరిది బోటు తీశాడు. నన్ను రమ్మంటే రానన్నాను. వెనక్కి చూడ్డానికి అద్దం బిగించుకున్నాడు. కానీ అల రాలేదు. వచ్చినది వచ్చినట్టే విరిగి నురగైపోతోంది. సంచులు అటూ ఇటూ జరిపాడు, పాత సిమెంటు దిమ్మలు దింపాడు, లాభం లేకపోయింది. రెండు జట్లు అవతలి రేవుకి వెళ్లిపోయాయి. రేపొచ్చేవాళ్లూ వెళ్లిపోతే బోటు ఎవరికైనా ఇచ్చేస్తానని నిన్న అన్నాడు. నీ ఇష్టం అన్నాను. ఆ మాట అన్నాక పెరట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను.

ఈ మధ్యాహ్నం రేవులోంచి కేకేశాడు. వెళ్లాను. వెనక ఎడమ సీటు కింద, లైఫ్ జాకెట్ల వెనకాల, తాళ్లతో బిగించిన తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ము. అటు చెయ్యి పెట్టకు, నూనె డబ్బాలున్నాయి, బట్టలు పాడవుతాయి అని ఆయన నన్నెప్పుడూ అటు పోనిచ్చేవారు కాదు. డ్రమ్ములో నీళ్లు. డ్రమ్ము బయట నల్ల సిరాతో గీతలు, పక్కన ఆయన కోడిగీతల రాత. ఒక గీత దగ్గర 82. దాని కింద, 78, జ్వరం. అన్నిటికీ పైన, 85, చెల్లెలింటి నుంచి వచ్చాక.

"ఇదీ వదినా, నెల్లాళ్లుగా నన్ను చంపింది" అన్నాడు మరిది. "ముందు సీట్లో మీరు కూర్చుంటే బోటు ముక్కు నీళ్లలోకి దిగిపోయి అల చచ్చిపోతుంది. దానికి సరిపడా అన్నయ్య వెనక నీళ్లు పెట్టాడు. ఇప్పుడు ముందు మీరు లేరు, వెనక ఇది ఉంది. ముక్కు ఆకాశం చూస్తోంది."

"అంటే నా బరువు వల్ల అల వచ్చేది కాదా?"

"కాదు వదినా. మీరున్నా వచ్చేలా చేశాడు."

నడుం నొప్పితో మంచినీళ్ల బిందె కూడా ఎత్తని మనిషి. నేను చెల్లెలింట్లో నాలుగు రోజులుండి వస్తే, నా వెనకాల దొంగలా వెళ్లి మూడు లీటర్లు పోసుకొచ్చారన్నమాట. జ్వరమొస్తే నాలుగు తోడేశారు. పదకొండేళ్లు, మొహం మీద ఇంత కూడా తెలియనివ్వకుండా అబద్ధమాడారు. నాకు నవ్వొచ్చింది. మరిది కంగారుపడి నా వంక చూశాడు.

పెట్రోలు తెస్తాను, ఈలోపు డ్రమ్ము ఖాళీ చేసెయ్యండి వదినా, రేపు పొద్దున్నే జట్టు వస్తుంది అని చెప్పి వెళ్లాడు. గొట్టం తెచ్చాను. మూత తీశాను. నీళ్లు 82 గీత దగ్గర కదలకుండా ఉన్నాయి. కాసేపు చూసి, మూత బిగించి, గొట్టం చుట్టి కొక్కేనికి తగిలించాను.

మరిది వచ్చి, ఖాళీ చేశారా అని అడిగాడు.

"లేదు. ఆ ముందు సీటు దుమ్ము పట్టింది, తుడిచి ఉంచు" అన్నాను.

నలభై రోజుల్లో ఓ నాలుగు కిలోలు తగ్గి ఉంటాను. ఆయనే ఉంటే ఈపాటికి నాలుగు లీటర్లు తోడేసేవారు. నేను చుక్క కూడా తియ్యలేదు. ఇంట్లోకొచ్చి కంచం పెట్టుకుని, రెండోసారి వడ్డించుకున్నాను.