ఐపీలో పోని బాకీ

పెందుర్తి బస్సులో ముందు సీట్లో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి నా ఒళ్లోని కోర్టు కాగితాలు చూసింది.

“బాబూ, నన్నొగ్గేసిన నా మొగుడు అప్పులకి తాళలేక ఐపీ ఎట్టీసినాడు. కోర్టోలు నాకు రాసిచ్చిన మనోవర్తి కూడా ఎగిరిపోతాదేటి?”

దివాలా చట్టం నేను సొంతంగా చదువుకున్నదే. ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పాను.

“కోర్టు అతన్ని అప్పుల నుంచి విడుదల చేస్తే కిరాణా బాకీ, చేబదుళ్లు పోతాయమ్మా. సర్కారు బాకీ, మోసం చేసి తెచ్చిన అప్పు, మనోవర్తి మాత్రం పోవు.”

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

“అయితే ఊరందరికీ ఎగ్గొట్టినా, ఆడికింక నానొక్కదాన్నే మిగిలినానన్నమాట.”

సింహాచలం మలుపులో దిగిపోయింది. బాకీ పోదని చెప్పాను. అది చేతికి వస్తుందా అని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.