పొయ్యికి తగిలించిన బోర్డు

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం. సాయంత్రం ఆరు గంటల వేళ ఆ వీధిలోని నూట పన్నెండు ఇళ్లలో పొయ్యి ముందు నిలబడిన మగవాళ్లు తొమ్మిది మంది. వారిలో ఎనిమిది మంది టీ పెట్టుకుంటున్నారు. తొమ్మిదో ఆయన నాలుగు పోర్క్ చాప్స్‌ను, అంటే ఎముకతో కోసిన పంది మాంసం ముక్కలను, కాగితంతో ఒత్తి తడి ఆర్పుతూ, ఒక్కొక్కటి పూర్తికాగానే గోడకు అతికించిన జాబితాలో టిక్కు పెడుతున్నాడు.

ఆయన లిఫ్టు మెకానిక్కు. వయసు నలభై ఎనిమిది. అందులో సగం లిఫ్టు పెట్టెల పైకప్పుల మీదా, వాటి అడుగు గోతుల్లోనూ గడిచింది. వీధి మొత్తానికి ఆయన లిఫ్టాయన. భార్య మూడు వీధుల అవతలి పిల్లల ఆసుపత్రిలో నర్సు. పదిహేనేళ్ల కూతురు ఉంది. ముప్ఫై ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆ వీధిలో ఇంటి పనుల మీద మేం చేస్తున్న సర్వే ఫారానికి వివరాలు చెప్పింది ఆవిడే. ‘పనిరోజుల్లో రాత్రి భోజనం వండేదెవరు?’ అన్న ప్రశ్న దగ్గర ఆవిడ వంటగది వైపు ఒకసారి చూసింది.

“ప్రస్తుతానికి ప్రయత్నం జరుగుతోందని రాయండి,” అంది.

ఆ ప్రయత్నానికి కారణం ఉంది. నర్సుకు సాయంత్రం షిఫ్టులో వార్డు ఇన్‌ఛార్జి పదవి ఇస్తామని ఆసుపత్రివారు అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆమె కాదంది; కారణం రాత్రి భోజనం. తల్లి ఏడున్నరకల్లా వేడిగా తినాలి. వంట నచ్చకపోతే ఒక మాట అని, పాలు తాగి పడుకుంటుంది. తల్లిని పస్తు పెట్టి వచ్చే పదవి తనకొద్దని నర్సు పట్టు. ఈసారి ఆమె కాదనకుండా భర్త అడ్డం పడి ఒక ఒప్పందం కుదిర్చాడు. సోమ, మంగళవారాలు ఆమె తాత్కాలికంగా సాయంత్రం డ్యూటీకి వెళ్లాలి, వంట తాను చూసుకోవాలి. బుధవారం ఉదయం ఆమె సూపరింటెండెంటుకు జవాబు చెప్పాలి. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: అమ్మ ప్లేటు ఖాళీ కావాలి.

సోమవారం కాలేదు. ఆయన చాప్స్‌ను పెద్ద మంట మీద ఇరవై అయిదు నిమిషాలు కుతకుతలాడించాడు. మీగడ విరిగి గ్రేవీ నీళ్లు నీళ్లుగా విడిపోయింది. అత్తగారు ఒక ముక్కను చాలాసేపు నమిలింది.

“అల్లుడుగారూ, రుచికేం వంక లేదు గానీ, ఇది చెప్పులు కుట్టేవాడికిస్తే ఒక జతకు అడుగు తోలు వేస్తాడు.”

తర్వాత పాలు తాగి పడుకుంది.

అందుకే మంగళవారం జాబితాలో పద్నాలుగు అంశాలు చేరాయి. లిఫ్టుల తనిఖీ ఫారం వెనక వైపున, తనిఖీ పద్ధతిలోనే రాసుకున్నాడు. ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి పట్టించి, బరువైన ఇనప పెనంలో ఒక్కో వైపు మూడేసి నిమిషాలు ఎర్రగా కాల్చి పళ్లెంలోకి తీశాడు. అదే పెనంలో వెన్న వేసి ఉల్లిపాయలు, వెల్లుల్లి, పుట్టగొడుగులు వేయించాడు. చెంచాడు మైదా చల్లి, ఎముకల రసం పోసి, అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి కలిపాడు. మీగడ గిన్నె చేతిలోకి తీసుకున్నాక ధైర్యం చాలక భార్యకు ఫోను చేశాడు.

“మీగడ పోశాక మంట తగ్గించండి,” అందామె.

“తగ్గించడమంటే ఎంత?”

“చూస్తే తెలుస్తుందండీ.”

“చూస్తే తెలిసేదైతే మాకు మీటర్లెందుకే?”

“గ్రేవీ నవ్వాలి గానీ పకపకలాడకూడదు. ఇక్కడ ఒకడు మందు మింగనని మంచం కిందికి దూరాడు, ఉంటాను.”

ఆయన ఆ వాక్యాన్ని జాబితాలో రాసుకున్నాడు. మీగడ పోశాడు, ముక్కలను తిరిగి గ్రేవీలోకి జార్చాడు. గ్రేవీ నవ్వుతున్నదా లేదా అని వంగి చూస్తుండగా ఫోను మోగింది. సమయం ఆరు ఇరవై అయిదు. పార్కు అవతలి భవనంలో నాలుగు, అయిదు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ, ఆవిడ కుక్క. ఆ వారం అత్యవసర డ్యూటీ ఆయనదే.

ఆయన మంట ఆర్పాడు. పెనానికి మూత పెట్టాడు. చెయ్యి తనంతట తానే పనిముట్ల సంచిలోకి వెళ్లి ఎర్ర బోర్డును తీసి పొయ్యి మంట తిప్పే మరకు తగిలించింది. దాని మీద తెల్లటి అక్షరాలు: పని జరుగుతోంది. ముట్టరాదు.

ఆ బోర్డు సంగతి ఇక్కడ చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట ఒక భవనంలో ఆయన లిఫ్టు మీద కూర్చుని పనిచేస్తుండగా కింద ఎవరో బోర్డు తీసి పక్కన పెట్టి స్విచ్చి వేశారు. ఆయన ఎడమచేతి ఉంగరపు వేలి కొస పోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కటే శాసనం: బోర్డు తగిలించినవాళ్లే దాన్ని తీయాలి. ఒకసారి ఆయన బట్టలుతికే మిషనుకు బోర్డు పెట్టి, మరిచిపోయి పొరుగూరికి పనిమీద వెళ్లాడు. మూడు రోజులు ముగ్గురు ఆడవాళ్లూ చేత్తో బట్టలుతికారే గాని దాన్ని కదపలేదు.

ఏడు గంటలకు నర్సు అరగంట విరామంలో ఇంటికి వచ్చేసరికి బల్ల మీద నాలుగు ప్లేట్లు, లిఫ్టాయన ముందే ఉడికించి పెట్టిన బంగాళాదుంపలు, రొట్టె ఉన్నాయి. తల్లీ, కూతురూ పొయ్యి వైపు తిరిగి కూర్చున్నారు. ఇల్లంతా వేగిన ఉల్లిపాయ వాసన.

“ఆయనేరీ?”

“నాన్న లిఫ్టులో,” అంది అమ్మాయి. “కూర బోర్డులో.”

నర్సు పొయ్యి దగ్గరికి వెళ్లి, బోర్డు చదివి, వెనక్కి వచ్చి కూర్చుంది.

“మంట ఆర్పే ఉందిగా అమ్మా. మూత తీస్తే ఏమవుతుంది?” అంది అమ్మాయి.

“ఏమీ కాదు,” అంది అమ్మమ్మ. “తొమ్మిదేళ్ల కిందట ఆ స్విచ్చి వేసినవాడూ ఇలాగే అనుకుని ఉంటాడు.”

“అది కరెంటమ్మమ్మా. ఇది పంది మాంసం.”

“బోర్డు బోర్డే. మా గ్రంథాలయంలో ‘నిశ్శబ్దం’ అని ఉంటే, పుస్తకాన్ని బట్టి మాట్లాడమని అర్థమా?”

“నాన్నకు ఫోను చేశాను. ఎత్తడం లేదు.”

“లిఫ్టు గోతిలో ఉంటే ఎలా ఎత్తుతారే,” అంది నర్సు. దుంపకు వెన్న రాసుకుని తిని, ఏడు ఇరవైకి లేచింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మెల్లగా అంది: “రేపు పొద్దున్న వద్దని చెప్పేస్తానమ్మా. రెండో రోజే మీరిద్దరూ ఉత్త దుంపలతో కూర్చున్నారు.”

“రేపు పొద్దున్నకు చాలా టైముంది,” అంది తల్లి. “నువ్వెళ్లు.”

ఏడున్నర దాటాక లిఫ్టాయన ఆయాసపడుతూ వచ్చాడు. ప్యాంటుకు గ్రీజు, దాని మీద కుక్క వెంట్రుకలు. మూడు క్షణాల్లో ఆయనకు సంగతి అర్థమైంది: శుభ్రంగా ఉన్న మూడు ప్లేట్లు, కదలని బోర్డు, ఖాళీ కుర్చీ.

“అయ్యో, తీసేయవచ్చుగా!”

“ఎవరు తీయాలి?” అన్నారు అమ్మమ్మా మనవరాలూ ఒక్క గొంతుతో.

ఆయన బోర్డు తీసి, మూత ఎత్తాడు. గంటకు పైగా ఆ వేడి పెనంలో మాంసం తన పని తాను చేసుకుంది. గ్రేవీ విరగలేదు, పుట్టగొడుగుల రంగు తేలి, చిక్కబడి, గరిటెకు పట్టింది. సన్నని మంట మీద అయిదు నిమిషాలు వేడి చేశాడు. అత్తగారి ప్లేటులో ముక్క పెట్టి, ఆవిడ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అలా నిలబడితే నాకు మింగుడుపడదు. కూర్చోండి.”

కూర్చున్నాడు. కత్తి ముక్కలోకి దిగింది, చప్పుడు లేదు. ఆవిడ మొదటి ముద్ద తిన్నది. రెండోది తిన్నది. అమ్మాయి తన ముక్క ముగించి అమ్మమ్మ ప్లేటు వైపే చూస్తోంది. చివరికి ఆవిడ రొట్టె తుంచి, ప్లేటు అంచు నుంచి మధ్యకు గ్రేవీని తుడిచి నోట్లో పెట్టుకుంది.

“నాన్నా, ప్లేటు!” అంది అమ్మాయి.

ఆయన తినలేదు. ఒక ముక్కను, దుంపలను డబ్బాలో సర్దాడు. ఎముక మాత్రమే మిగిలిన అత్తగారి ప్లేటును కాగితంలో చుట్టి సంచిలో పెట్టాడు.

“అదెక్కడికండీ?” అంది అత్తగారు.

“సాక్ష్యం.”

ఆసుపత్రి చేరేసరికి ఎనిమిది దాటి నాలుగు నిమిషాలైంది. వార్డు తలుపుకు బోర్డు వేలాడుతోంది: సందర్శకుల సమయం ముగిసింది. ఆయన తలుపు తట్టలేదు, తోయలేదు. అద్దంలోంచి కనిపించేలా సంచి పట్టుకుని, బోర్డుకు అడుగు దూరంలో నిలబడ్డాడు. కొంతసేపటికి ఒక పిల్లాడు మంచం మీద నుంచి వేలు చూపించాడు. నర్సు చూసి, బయటికి వచ్చింది.

“లోపలికి రావచ్చుగా?”

“బోర్డు ఎవరు పెట్టారు?”

“నేనే.”

“మరి?”

ఆమె నవ్వాపుకుంటూ నడవాలోని బెంచీ మీద కూర్చుంది. ఆయన ముందు ప్లేటు విప్పి చూపించాడు. ఆమె ఎముకను, గ్రేవీ తుడిచిన చారలను నిదానంగా పరిశీలించింది.

“అమ్మదేనా? పిల్లది కాదుగా?”

“రొట్టెతో తుడిచింది చూడు. పిల్ల నాకేస్తుంది.”

తర్వాత డబ్బా తెరిచి తిన్నది. సగం ముక్క అయ్యాక తల ఎత్తింది.

“ఇది మీరే చేశారా?”

“నూటికి అరవై పాళ్లు నేను. మిగతాది లిఫ్టులో ఇరుక్కున్న ఒక కుక్క.”

“ఉప్పు కొంచెం తగ్గింది.”

“రేపు సరిచేస్తాను.”

“రేపు కూడానా?”

“నీ డ్యూటీ ఎన్నాళ్లుంటే అన్నాళ్లు,” అన్నాడు. “పద, ఆ మందు మింగనివాడు మళ్లీ మంచం కిందికి దూరుతున్నాడు.”

బుధవారం ఉదయం ఆమె సూపరింటెండెంటుకు సరేనని చెప్పింది. మరుసటి సోమవారం ఇన్‌ఛార్జిగా చేరింది. ఇరవై ఒకటిన, మంగళవారం, అదే వంట మళ్లీ జరిగింది. జాబితాలో పదిహేనో అంశం కొత్తగా చేరింది: ‘మంట ఆర్పి, మూత పెట్టి, బోర్డు తగిలించి, నలభై నిమిషాలు వంటగది వదిలి వెళ్లవలెను.’ ఈసారి లిఫ్టులేవీ ఆగలేదు కనుక ఆయన వరండాలో కూర్చుని గడియారం చూసుకున్నాడు. ఏడు గంటలకు నర్సు గుమ్మంలో అడుగుపెట్టే వేళకు స్వయంగా లేచి వెళ్లి బోర్డు తీశాడు. నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు.

భోజనమయ్యాక అత్తగారు సర్వే ఫారం తెప్పించుకుంది. ‘ప్రయత్నం జరుగుతోంది’ అన్నదాన్ని ఒక్క గీతతో కొట్టి, పైన గుండ్రని అక్షరాలతో ‘అల్లుడుగారు’ అని రాసింది. తర్వాత కళ్లజోడు సవరించుకుని ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, ఉప్పు సంగతి రాయడానికి ఇందులో ఎక్కడా గడి లేదేమని అడిగింది.