క్లెమ్ దాచుకున్న పెట్ట

బెడ్‌ఫర్డ్‌షైర్ అడవంచున ఉండే క్లెమ్ పొలార్డ్ రిటైరైన బస్సు డ్రైవరు. ఎప్పుడో దొరల తోటల్లోంచి తప్పించుకుని అడవిపాలైన చైనా ఫెజంట్ కోళ్లంటే అతనికి పిచ్చి. చిన్నప్పుడు గుంపులుగా చూసినవాటిలో ఇప్పుడు ఒక్క పుంజు మిగిలింది. బారెడు తెల్లతోక, ఒంటినిండా రంగులు. ఏటా వసంతంలో అది గొంతు చించుకుని పెట్ట కోసం పిలిచేది. ఉంటేగా పలకడానికి!

ఆ నవంబరులో ముళ్లపొదల కింద ఒక పెట్ట కనబడింది. మామూలు ఫెజంట్ పెట్టలాగే గోధుమరంగు, కానీ కంటి చుట్టూ నీలం, రొమ్ము మీద చిక్కటి నల్లచారలు. ఏ పంజరంలోంచి పారిపోయి వచ్చిందో, పుంజు పక్కనే గింజలేరుకుంటోంది. ఆ పుంజు జాతిదే! క్లెమ్ చప్పుడు చెయ్యకుండా వెనక్కి తగ్గాడు.

పక్షుల్ని చూసేవాళ్లకో కట్టుబాటుంది. అరుదైన జంట కనబడితే నోరు కుట్టేసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి కెమెరాలతో జనం దిగిపోతారు. క్లెమ్ భార్య మ్యూరియల్‌కి కూడా చెప్పలేదు. వసంతం దాకా గడిస్తే పిల్లలు పుడతాయి. అతని ఆశంతా అదే.

జనవరిలో మామూలు ఫెజంట్ల వేటకి, ఎప్పటిలాగే పొదలు తట్టి పక్షుల్ని లేపే పనికి వెళ్లాడు. అడవి కాపలాదారు డెన్జిల్ తుపాకీలవాళ్లకి జాగ్రత్తలు చెబుతున్నాడు.

"తెల్లతోకది మా క్లెమ్ అల్లుడు. దాన్ని కొట్టినవాడు అందరికీ బీరు పోయించాలి!"

అందరూ నవ్వారు. క్లెమ్ అతని దగ్గరికెళ్లి గొణిగాడు.

"ఇవాళ పెట్టల్ని కూడా వదిలేద్దామా?"

"ఎందుకోయ్?"

"ఊరికే."

"ఊరికేనా? నువ్వేమైనా పెట్టల సంఘానికి ప్రెసిడెంటువా?"

అంతమందిలో ఏం చెబుతాడు, పాపం? ఆ ముళ్లపొదల వైపు తనే వెళ్లి, కర్ర ఆడించకుండా నడిచాడు. పెట్ట అక్కడ లేదు.

పని చేసినవాళ్లకి సాయంత్రం కూలీతో పాటు ఒక పుంజునీ ఒక పెట్టనీ మెడలు కలిపి కట్టి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. డెన్జిల్ బండి మీద వేలాడుతున్న వరసలోంచి ఒక జత తీసి క్లెమ్ చేతికిచ్చాడు.

"బాగా బలిసినదాన్ని ఏరి ఇచ్చాను, మ్యూరియల్‌కి చెప్పు."

క్లెమ్ పెట్ట తల ఎత్తి చూశాడు. కంటి చుట్టూ నీలం.

"ఏమైందోయ్, అలా అయిపోయావ్? నీ తెల్లతోకని ఎవరూ ముట్టుకోలేదులే. నువ్వు చెబితే మేమెప్పుడైనా కాదన్నామా?"


క్లెమ్ తల అడ్డంగా ఊపాడు. చేతిలో పెట్ట ఇంకా వెచ్చగానే ఉంది.